చూరు కింద ఊరు

ఇటలీలోని బొలోన్యాకి వచ్చిన కొత్తలో ఊరు చూసిందేమీ లేదు, కాగితాల వెంట తిరగడంతోనే సరిపోయింది. దిగిన ఎనిమిది పనిదినాల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఫారాలున్న కవరు పోస్టాఫీసులో తీసుకుని, నింపి, 16 యూరోల రెవెన్యూ స్టాంపు అంటించి మళ్లీ అక్కడే ఇవ్వాలి. ఆ తర్వాత వేలిముద్రలకి 'క్వెస్తూరా' అనే పోలీసు ఆఫీసుకి వెళ్లాలి. ఇంటి అగ్రిమెంటు రాయాలంటే పన్ను నంబరు 'కోదిచె ఫిస్కాలె' కావాలి. ఇవన్నీ ఓపికుంటే అయిపోయే పనులే. గది దొరకడమే కష్టం. చివరికి రైల్వే స్టేషన్ వెనక బొలొన్యీనా పేటలో దొరికింది.

ఇక్కడి విశ్వవిద్యాలయం 1088లో పుట్టిందని లెక్క. ఆ రోజుల్లోనూ ఊళ్లోకి చదువులకీ పనులకీ జనం వచ్చిపడ్డారు, గదులు చాల్లేదు. ఇళ్లవాళ్లు పై అంతస్తుల్ని వీధి మీదకి ముందుకి పెంచి, కింద చెక్క స్తంభాలు నిలబెట్టారు. ఆ స్తంభాల వరసే 'పోర్తికో'. మన పాత ఇళ్ల ముందు వసారాలన్నీ ఒకదానికొకటి కలిసి ఊరంతా సాగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. 1288లో నగరం చట్టమే చేసింది: కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ పోర్తికో ఉండాలి, లేని పాత ఇళ్లకీ చేర్చాలి. స్థలం ఇంటి యజమానిది, బాగోగుల ఖర్చూ ఆయనదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ. మొత్తం 62 కిలోమీటర్లట! 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. గది కోసం తిరిగి తిరిగి కాళ్లు నొప్పులు పుట్టిన నాకు ఈ కథ ఎవరో సొంతవాళ్లది విన్నట్టనిపించింది.

స్త్రాదా మజ్జోరె వీధిలో కాసా ఇజొలానీ అని ఒక ఇల్లుంది. దాని ముందు పాత ఓక్ స్తంభాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. దాదాపు మూడు అంతస్తుల ఎత్తు. కర్ర నిలువునా బీటలు వారి, వేలు దూరేంత సందులున్నాయి. చెయ్యి వేసి చూస్తే గరుకుగా, పొడిగా తగిలింది. అంత బరువు మోస్తూ ఇన్ని వందల ఏళ్లుగా నిలబడ్డ కర్రని నేను ఇంకెక్కడా చూడలేదు.

నవంబరు వానల్లో ఈ ఊరి విలువ బాగా తెలిసింది. నడిబొడ్డున ఎంతసేపు తిరిగినా గొడుగు అవసరం రాదు. ఊరి పెద్ద చౌక్ పియాత్సా మజ్జోరె పక్క సందుల్లో ఒక పాస్తా దుకాణం అద్దం ముందు ఆగిపోయేదాన్ని. అక్కడ ఒక పెద్దావిడ పొడవాటి కర్రతో గుడ్లు కలిపిన పిండిని ఒత్తుతుంటుంది. నూరు గ్రాముల పిండికి ఒక గుడ్డు, నీళ్లు చుక్క కూడా ఉండవు. అంచుని కర్రకి చుట్టి, అరచేతులు నడిమి నుంచి చివరలకి జరుపుతూ ముందుకి దొర్లిస్తుంది. బల్లంత రేకు పలచబడి, వెలుతురుకి పట్టుకుంటే వెనక ఆవిడ చెయ్యి కనిపిస్తుంది. ఇంత శ్రద్ధగా చేసే పనిని దారినపోయేవాళ్లు నిలబడి చూడొచ్చు, ఎవరూ పొమ్మనరు. ఈ ఊళ్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

సాన్ లూకా కొండ మీది మరియమ్మ గుడికి వెళ్లే దారి కూడా పోర్తికోనే. 666 కమానులు, నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువ. మెలొంచెల్లో కమాను దాటాక ఎక్కుడు మొదలవుతుంది, మోకాళ్లు పట్టేస్తాయి. 1433లో వానలు ఎంతకీ తెరిపివ్వకపోతే అమ్మవారి పటాన్ని ఊళ్లోకి మోసుకొచ్చారనీ, వాన వెలిసిందనీ చెబుతారు. ఇప్పటికీ ఏటా మే నెలలో పటం కిందికి దిగుతుంది. మా కింది వాటాలో ఉండే సిన్యోరా ఈసారి నన్నూ రమ్మంది. "మెలొంచెల్లో దగ్గర నిలబడదాం, ముందే వెళ్తే చోటు దొరుకుతుంది" అంది. వస్తానన్నాను.