148 సెంటీమీటర్ల గొడవ

పొద్దున్న నేను వెళ్ళేసరికి గుర్రాల యజమాని పెద్దావిడ గేటు మీద చేతులు ఆన్చి పొలం వైపు చూస్తోంది. చూసేది పోనీల్ని, అంటే మా పొట్టి జాతి గుర్రాల్ని కాదు, గడ్డిని. రాత్రంతా సన్నగా వాన పడి, తెల్లారేసరికి ఎండ కాసింది. వేల్స్‌లోని ఈ కెరెడిగియన్‌లో మే నెలలో ఇలా కాస్తే గొర్రెల వాళ్ళు సంబరపడతారు, మాకు మాత్రం టెన్షన్. కొండల మీద దొరికిందేదో కొరుక్కుని బతికిన జాతి ఈ వెల్ష్ పోనీలది. చక్కెర పట్టిన ఈ లేతగడ్డి వాటి ఒంటికి పడదు. డెక్క లోపల వాపు వస్తుంది, లామినైటిస్ అంటారు. ముదిరితే లోపలి ఎముక జారిపోయి గుర్రం నిలబడలేదు. కృష్ణా జిల్లాలో పచ్చగడ్డి కోసం గట్లన్నీ తిరిగిన ఇంట్లో పుట్టి, గుర్రాలకి గడ్డి అందకుండా కంచెలు జరిపే ఉద్యోగం చేస్తున్నానంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

రోజూ నా మొదటి పని నాడి చూడడం. ఒక్కోదాని ముందుకాలి దగ్గర గొంతుక్కూర్చుని, డెక్క పైనున్న కీలు వెనకాల రెండు వేళ్ళు ఆనిస్తాను. అంతా బాగుంటే నాడి ఓ పట్టాన దొరకదు, వెతుక్కోవాలి. వేలు పెట్టగానే టకటకా తగిలిందంటే ఆ రోజు దానికి పచ్చిక బంద్. ఈవేళ సెరెన్‌కి కాస్త తెలిసింది. డెక్క వేడిగా లేదు, నడక బాగానే ఉంది, అయినా పిల్లతో సహా గడ్డిలేని చిన్న దొడ్లోకి మార్చేశాను. చక్కెర కొంత కారిపోతుందని ఎండుగడ్డిని నీళ్ళలో నానబెట్టి వేశాను. పాలిచ్చే తల్లి కదా, మరీ కడుపు మాడ్చకూడదు. దాని బుజ్జిగాడు మాత్రం ఇవేమీ పట్టకుండా నా జాకెట్ జిప్పు నోట్లో పెట్టుకుని లాగుతున్నాడు.

పదింటికి పశువుల డాక్టరమ్మ వచ్చింది, మెగ్ అనే ఇంకో ఆడగుర్రం చూలు కట్టిందో లేదో చూడ్డానికి. గుర్రాలకి అండం విడుదలైన 14 నుంచి 16 రోజుల మధ్య స్కాన్ చెయ్యాలి. ఆలస్యం చేస్తే ఎందుకు కుదరదో ఈవేళ కళ్ళారా చూశాను. డాక్టరమ్మ భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుంది. నేను తోక పక్కకి పట్టుకుని నిలబడ్డాను. స్క్రీన్ మీద బూడిదరంగు మసక, దాని మధ్యలో గుండ్రంగా నల్ల చుక్క. రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. పెద్దావిడ మొహం విప్పారింది. డాక్టరమ్మ చెయ్యి తియ్యలేదు. రెండో వైపుకి జరిపింది. అక్కడ ఇంకోటి.

మా ఊళ్ళో గేదె కవలల్ని ఈనితే పక్క ఊరివాళ్ళు కూడా చూసి పోయేవాళ్ళు. గుర్రాలకి కవలలు అచ్చిరారు. ఒక్క పిల్ల బతకాలంటేనే మాయ గర్భసంచి అంతా పరుచుకోవాలి, రెండింటికి చోటు చాలదు. చాలావరకు నెలలు నిండకుండానే రెండూ పోతాయి, ఒక్కోసారి తల్లి ప్రాణం మీదికీ వస్తుంది. 16వ రోజు దాకా అవి గర్భసంచిలో అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి, ఆ తర్వాత ఒకచోట కుదురుకుంటాయి. పక్కపక్కనే కుదురుకుంటే ఇక విడదియ్యడం కష్టం. ఈలోపే ఒకదాన్ని పక్కకి తప్పించి వేళ్ళతో నొక్కెయ్యాలి. డాక్టరమ్మ అదే చేసింది. స్క్రీన్ మీద నల్ల చుక్క ఒక్కసారి సాగి, చెదిరి, మసకలో కలిసిపోయింది. మెగ్ ముందున్న బకెట్లోంచి తల ఎత్తనైనా లేదు. మిగిలినదాన్ని మళ్ళీ చూసేది నాలుగో వారంలో, గుండె కొట్టుకోవడం కనబడేటప్పుడు. నాకు కాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. ఆవిడ మాత్రం డాక్టరమ్మకి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం జాక్‌ని రోడ్డెక్కించాను. సెరెన్ కొడుకే, మూడేళ్ళవాడు. బండి తోలే పోటీలకి తయారుచేస్తున్నాం, ఇంకా బండి కట్టలేదు. కళ్ళ పక్కన తెరలున్న తలకట్టు, ఛాతీ పట్టీ, పిరుదుల చుట్టూ వచ్చే పట్టీ అన్నీ వేసి, పొడుగాటి పగ్గాలు పట్టుకుని నేను వెనకాల నడుస్తాను. కొన్ని రోజులు పాత టైరు కట్టి లాగిస్తాం, వెనకనుంచి వచ్చే చప్పుడుకి బెదరకుండా. జీను మీద కూర్చున్నవాడు కాళ్ళతో కూడా చెప్పగలడు. బండి తోలేవాడికి ఉన్నవి పగ్గాలు, కొరడా, గొంతు, అంతే. అందులో గొంతుదే పెద్ద పీట.

మలుపు తిరగ్గానే ఎదురుగా పాల టాంకరు. ఇక్కడి రోడ్లు తెలిసినవే, రెండు వైపులా ఎత్తైన కంచె పొదలు, పక్కకి తప్పుకునే దారే ఉండదు. "వో, జాక్" అన్నాను. ఆగాడు. ఒక చెవి టాంకరు వైపు, ఒక చెవి నా వైపు పెట్టి బిగుసుకుని నిలబడ్డాడు. అద్దం వాడి మూపు పక్కనుంచి జానెడు దూరంలో పోయింది. పగ్గాల్లోంచి వాడి వణుకు నా చేతికి తెలుస్తోంది, కాలు మాత్రం కదపలేదు. బందరు స్టేషను దగ్గర జట్కా గుర్రాన్ని కొనేటప్పుడు దాని పరుగు చూసేవాళ్ళు కాదట, రైలొచ్చేదాకా నిలబడుతుందా లేదా అని చూసేవాళ్ళట. మా తాతయ్య చెప్పేవాడు.

గుర్రానికి నడక అందం ముఖ్యమా, మాట వినడం ముఖ్యమా అన్న ఈ మాటే సాయంత్రం పెద్దావిడతో గొడవకి దారితీసింది. గొడవంటే పోట్లాట కాదు, టీ కప్పు చల్లారేదాకా వాదించుకోవడం. సెరెన్‌ని ఈసారి ఏ మగగుర్రానికి కట్టించాలన్నది విషయం. ఏప్రిల్ ఆఖరి శనివారం కార్డిగన్‌లో బార్లీ శాటర్డే జరిగింది. వీధుల్లో మగగుర్రాల్ని ఊరేగిస్తారు, జనం విరగబడతారు. అక్కడ ఒక సెక్షన్ డి కాబ్‌ని, అంటే వెల్ష్ గుర్రాల్లో పెద్ద రకాన్ని చూసినప్పటినుంచీ ఆవిడ మనసు దాని మీదే ఉంది. నిజమే, మోకాళ్ళు ఛాతీ దాకా ఎత్తుతూ అది దూకుడుగా వస్తుంటే నాకూ ఒళ్ళు జలదరించింది. వెల్ష్ పోనీ అండ్ కాబ్ సొసైటీ 1901లో పెట్టారు. వాళ్ళ వంశావళి పుస్తకంలో ఎ, బి, సి, డి అని నాలుగు సెక్షన్లు. ఎ 12 చేతుల ఎత్తు దాటకూడదు (చెయ్యంటే 4 అంగుళాలు), బి, సి 13.2, అంటే 13 చేతుల 2 అంగుళాలు దాటకూడదు. డి మాత్రం అంతకు పైన, ఎంతైనా ఉండొచ్చు. అసలు తంటా ఆ 'ఎంతైనా' దగ్గరే. అంతర్జాతీయ బండి పోటీల్లో పోనీ అనిపించుకోవాలంటే లాడాలు లేకుండా 148 సెంటీమీటర్లు మించకూడదు. దానికి పుట్టే పిల్ల ఒక్క సెంటీమీటరు ఎక్కువ పెరిగినా పెద్ద గుర్రాల విభాగంలోకి పోతుంది. అక్కడ దాన్ని ఎవరు లెక్కచేస్తారు?

ఆవిడ వాదన తీసిపారెయ్యదగ్గది కాదు. ఈ పోటీలో మూడు భాగాలు. మొదటిది డ్రెస్సాజ్, జడ్జీలు నడక అందం చూసి మార్కులేస్తారు. జాక్ నడక ఆవిడ దృష్టిలో "పోస్ట్‌మాన్ నడక". అక్కడ పోయిన మార్కులు పెనాల్టీలై చివరిదాకా వెంటొస్తాయి, అందరికన్నా తక్కువ పెనాల్టీలున్నవాళ్ళదే గెలుపు. నేనేమో మిగతా రెండింటి గురించి మాట్లాడతాను. మారథాన్‌లో కర్రల గుంజల మధ్య ఎ నుంచి ఎఫ్ దాకా గేట్లు వరసగా దాటాలి, గడియారం నడుస్తూనే ఉంటుంది. మూడోదాంట్లో కోన్‌ల మధ్యనుంచి పోయేటప్పుడు చక్రం తగిలి కోన్ మీదున్న బంతి కింద పడితే ఒక్కోదానికి 3 పెనాల్టీలు. అక్కడ కావాల్సింది మాట వినే చెవి. ఈ నియమాలన్నీ రాయించిన ప్రిన్స్ ఫిలిప్, ఎలిజబెత్ రాణి భర్త, 1964 నుంచి 1986 దాకా గుర్రపు క్రీడల అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షుడు. తర్వాత తొంభై దాటినా ఆయన తోలింది ఫెల్ జాతి పోనీల్నే, ఆ మాటా అన్నాను. "ఆయనకి మార్కులతో పనేముంది" అంది ఆవిడ.

నా ఉద్దేశం వేరే. జాక్ తండ్రి పక్క లోయలో ఉన్న చిన్న పార్ట్-బ్రెడ్ పోనీ, అంటే వెల్ష్ రక్తం కొంతే ఉన్నది. మళ్ళీ దానికే కట్టిస్తే జాక్‌కి తోబుట్టువు పుడుతుంది. జోడు బండికి ఎత్తు, అంగ, బుద్ధి కలిసిన రెండు పోనీలు దొరకడమే గగనం. బయట కొనాలంటే మా వల్ల కాదు.

దానికి ఆవిడ ఏమీ అనకుండా లేచి, జేబులోంచి దారం తీసి బుజ్జిగాడి దగ్గరికి నడిచింది. మోచేతి దగ్గర్నుంచి కింది కీలు దాకా కొలిచి, అదే కొలత మోచేతి నుంచి పైకి పెట్టి, పెద్దయ్యాక మూపు ఇంతవరకు వస్తుందని చూపించింది. ఇంత చిన్నపిల్ల మీద ఆ లెక్కని నేను నమ్మను. ఆవిడా పూర్తిగా నమ్మదనుకుంటాను, ఎందుకంటే లోపలికి రాగానే, "సరే, ఇద్దరికీ రాయి" అంది.

ఆవిడకి మెయిళ్ళు పడవు, నేనే టైప్ చేశాను. పక్క లోయవాళ్ళకి రెండు లైన్లు చాలు. డి కాబ్ వాళ్ళకి మాత్రం, 13 చేతుల తల్లులకి దాని వల్ల పుట్టి ఇప్పుడు ఐదేళ్ళు దాటిన పిల్లల ఎత్తులు సెంటీమీటర్లలో పంపమని రాశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఫీజు ఎంతో కూడా అడగమంది. అది మొదటి లైన్లోనే ఉంది.