అమ్మమ్మ మాట వెతుక్కుంటుంటే

"ముక్కలన్నీ అందులోకి ఎత్తి, గుడ్డ కట్టి... అదేమిటే, పైన గోధుమరంగు, కింద తెలుపు..." అమ్మమ్మ ఆగిపోయింది.

జాడీ. నా నోటిదాకా వచ్చింది. చెప్పెయ్యకుండా పెదవి బిగబట్టి కూర్చున్నా.

వీడియో కాల్‌లో వేళ్లు గాల్లో గుండ్రంగా తిప్పుతోంది. "ఆఁ... జాడీ!" మొహం వెలిగిపోయింది. ఇక దాన్ని తలమీద మోసుకొచ్చిందెవరో, మూత పగలగొట్టిందెవరో, ఆ రోజు ఎవరికి తిట్లు పడ్డాయో అన్నీ వరసగా వచ్చేశాయి. 40 నిమిషాలు!

రోజూ నేను చేసేది రెండు నిమిషాల ఫోను. తిన్నావా, మాత్ర వేసుకున్నావా, సరే ఉంటా.

అమెరికాలో ఐ-కనెక్ట్ అని ఒక పరిశోధన జరిగింది. 75 దాటి, మనుషుల తోడు పెద్దగా లేని 186 మంది. సగంమందితో వారానికి నాలుగుసార్లు, అరగంట చొప్పున వీడియోలో ముచ్చట్లు. మిగతావాళ్లకి వారానికోసారి పది నిమిషాల ఫోను మాత్రమే. ఆరు నెలలకి ముచ్చట్లాడినవాళ్లు ఆలోచనాశక్తి పరీక్షలో ముందున్నారు. అది చదివినప్పట్నుంచీ నా రెండు నిమిషాలు గుచ్చుకుంటున్నాయి.

జాడీ ఏ ఊరి తీర్థంలో కొన్నారో ఇంకా గుర్తు రాలేదంట. రేపు ఆరున్నరకి మళ్లీ చేస్తానన్నా.