ఏమైందంటే ఏం చెప్పను

ఇంట్లో అందరూ పడుకున్నారు. పన్నెండున్నర అయింది. ఇవాళ ఏమీ జరగలేదు. అది రాద్దామనే కూర్చున్నాను.

నిజంగానే ఏమీ జరగలేదు. ఆఫీసులో గొడవ లేదు, ఎవరికీ జ్వరం లేదు, కట్టాల్సిన బిల్లేదీ మర్చిపోలేదు. పొద్దున కళ్లు తెరిచేసరికే గుండెల మీద ఏదో కూర్చుని ఉంది, అంతే. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రాలు పంచే ముందు కడుపులో తిప్పుతుంది చూడండి, అచ్చం అలా. పరీక్ష మాత్రం లేదు. పళ్లు తోముకుంటూ ఒక్కొక్కటే వెతికాను. నిన్న ఎవర్నైనా ఏమైనా అన్నానా? ఏదైనా తారీకు దాటిపోయిందా? పోయిందేమిటో తెలియకుండా ఇల్లంతా వెతికినట్టుంది. ఎదురుగా ఉన్నా గుర్తుపట్టలేను కదా.

పదకొండింటికి అక్క ఫోను. అక్కకి దేనికైనా ఓ కారణం కావాలి.

"గొంతేంటి అలా ఉంది? ఏమైంది?"

"ఏం లేదక్కా, కాస్త గాభరాగా ఉంది."

"ఎందుకు?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటే! కారణం లేకుండా గాభరా ఎందుకు పుడుతుంది? ఖాళీగా కూర్చుంటే అన్నీ అలాగే అనిపిస్తాయి."

ఖాళీగానట. అప్పటికి రెండు మీటింగులయ్యాయి, మూడోదాని మధ్యలో ఫోనెత్తాను. అది వదిలేస్తాను. అసలు మంట తర్వాతది. కారణం నేను చెప్పలేకపోయేసరికి తనే సరఫరా చేయడం మొదలుపెట్టింది. ఈయనతో మాటా మాటా వచ్చిందా? చిన్నోడికి మార్కులు తగ్గాయా? డబ్బుకేమైనా ఇబ్బందా? నేను కాదు, కాదు అంటూ పోతున్నాను, పోలీసు విచారణలో లాగా. అన్నీ అయిపోయాక, "మరింకేం, హాయిగా ఉండు" అంది. కేసు కొట్టేసినట్టు! హాయిగా ఉండు అని చెబితే ఉండగలిగేదాన్నయితే నువ్వు చెప్పేదాకా ఆగుతానా అక్కా?

సిగ్గు విడిచి ఒకటి చెబుతాను. కారణం ఉన్నవాళ్లని చూస్తే నాకు అసూయ. ఉద్యోగం పోయినవాళ్ల పక్కన నలుగురు కూర్చుంటారు. నా పక్కన కూర్చున్నవాళ్లు ఐదు నిమిషాల్లో "నీకేం తక్కువ?" అంటారు. లెక్క చూసుకుంటే ఏమీ తక్కువ లేదని నాకూ తెలుసు. అందుకని గాభరాకి తోడు తప్పు చేసిన భావన ఒకటి.

పోయినేడాది థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను. థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తే గుండె దడ, చేతుల వణుకు, ఆందోళన అన్నీ వస్తాయని డాక్టరు చెప్పినప్పుడు లోపల ఎంత ఆశపడ్డానో ఎవరికీ చెప్పలేదు. రిపోర్టు నార్మల్ అని వస్తే ఈయన హమ్మయ్య అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఒక పేరు దొరికినట్టే దొరికి జారిపోయింది. కాఫీ సంగతీ అంతే. తాగిన ఐదారు గంటలకి కూడా అందులో సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుందంటే మధ్యాహ్నం తర్వాత మానేశాను. నిద్ర కాస్త బాగుపడింది. పొద్దుటి ఈ బరువు మాత్రం పోలేదు.

ఆ డాక్టరే ఒక కాగితం ఇచ్చారు. ఆందోళన ఎంతుందో కొలిచే ప్రశ్నల పట్టిక, జీఏడీ-7 అంటారట, 2006 నుంచి వాడుకలో ఉంది. ఏడే ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా వేసుకోవాలి. మొత్తం 21. పదీ అంతకు మించీ వస్తే ఇంకా లోతుగా చూడాలి. నాకప్పుడు 11, మొన్న 8. ఏడో ప్రశ్న చదివి ఉలిక్కిపడ్డాను: ఏదో ఘోరం జరగబోతోందన్నట్టు భయమేస్తోందా అని. నా కడుపులో ఉన్నదాన్ని ఎవరో చూసి రాసినట్టుంది. ఇవాళ అక్క ఫోను పెట్టేశాక ఆ కాగితం మళ్లీ తీసి చూశాను. ఏడింట్లో ఒక్కటీ "ఎందుకు" అని అడగదు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అనే అడుగుతుంది. కాగితానికున్న ఇంగితం!

మన మాటల్లోనూ ఉంది ఆ ఇంగితం. బెంగకి ఓ మనిషి కావాలి, భయానికి ఓ పామో దొంగో కావాలి. గుబులుకి ఏమీ అక్కర్లేదు. ఊరికే గుబులుగా ఉంది అంటే వాక్యం పూర్తయిపోయినట్టే. పొద్దున అక్కతో గాభరా అనకుండా గుబులు అని ఉంటే? ఊహూ, అయినా అడిగేది.

ఇదంతా అక్కని తిడదామనే మొదలుపెట్టాను. ఇప్పుడు కలం మొరాయిస్తోంది, ఎందుకంటే అమ్మ గుర్తొచ్చింది.

నాకు పదేళ్లు ఉంటాయేమో. రాత్రి దాహమేసి లేచాను. వంటింట్లో దీపం లేదు, అమ్మ మాత్రం గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, అరచెయ్యి గుండె మీద పెట్టుకుని. గ్యాస్ కట్టేశానో లేదో చూడ్డానికి లేచాను అంది. గ్యాస్ కట్టే ఉంది. మరి ఇక్కడెందుకు కూర్చున్నావమ్మా అన్నాను. ఊరికే, గుండె దడగా ఉంది అంది. ఎందుకు అన్నాను. ఏం లేదు అంది. ఏం లేకపోతే ఎందుకమ్మా? నాలుగైదుసార్లు అడిగి ఉంటాను. నాకు భయమేసి అడిగాను, కానీ ఆవిడకి ఎలా వినిపించిందో! చివరికి "తలనొప్పి, పద పడుకుందాం" అంది. ఆవిడ గుండె నుంచి తలకి జరిగింది కదా అని ఇన్నేళ్ల తర్వాత ఇవాళ తట్టింది. నా నోరు మూయించడానికి ఓ కారణం కావాల్సొచ్చింది, తలనొప్పి ఇచ్చింది. నేను నమ్మి పడుకున్నాను.

అక్క కూడా భయమేసే అడిగిందేమో. ఏమో. అయినా ఆ "ఖాళీగా" మాత్రం అనకుండా ఉండాల్సింది.

సాయంత్రం చిన్నోడు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆ పది నిమిషాలూ నా గుబులు ఎంత దర్జాగా ఉందో! హమ్మయ్య, దొరికింది, పొద్దుట్నుంచీ మనసు కీడు శంకించింది ఇందుకే అనుకున్నాను. వాడు ఈల వేసుకుంటూ లోపలికొచ్చాడు. గుబులు పోవాలి కదా? కదల్లేదు. ఇంకో కారణం కోసం అటూ ఇటూ చూడ్డం మొదలెట్టింది. ముందు అది వస్తుంది, కారణాలు తర్వాత ఏరుకుంటుంది. తర్వాత వాడూ నేనూ ఆరిన బట్టలు మడతపెడుతూ దేనికో పడీ పడీ నవ్వుకున్నాం. పావుగంట బాగుంది.

ఆరింటికి చింతల పుస్తకం. రోజూ ఒకటే టైముకి అరగంట కూర్చుని, ఉన్న చింతలన్నీ రాసి, మిగతా రోజంతా "ఆరింటికి చూద్దాంలే" అనుకోవాలని కదా పద్ధతి. చింతలున్నవాళ్లకి బాగానే పనిచేస్తుందట. నేను తేదీ వేసి, గీత గీసి, పది నిమిషాలు తెల్లకాగితాన్ని చూశాను. ఏమీ తట్టలేదు. ఏమీ తట్టట్లేదేమిటని కంగారు పుట్టింది. అదే రాశాను. పుస్తకం మూసి, నాలుగు అంకెలు లోపలికీ ఆరు అంకెలు బయటికీ ఊపిరి తీసి వదిలాను. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుందనేది నిజమే, మణికట్టు మీద వేలు పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. దాన్ని నేనెప్పుడూ మెచ్చుకోలేదు కానీ, ఇవాళ రెండుసార్లు ఆదుకుంది.

ఒకటి మాత్రం తొలుస్తోంది. ఆ రాత్రి అమ్మకి నిజంగానే ఏమీ లేదా? లేక పదేళ్ల పిల్లకి చెప్పేది కాక దాచిందా? చూడండి, అక్క ఒక్క ఫోనుతో వదిలేసింది, నేను మాత్రం అమ్మ మీద ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా విచారణ నడుపుతున్నాను.

రేపు అమ్మకి ఫోను చేసి అడగాలి. ఎందుకు అని కాదు, అప్పుడు ఏం చేసేదానివని. అడగ్గానే ముందు "ఇప్పుడెందుకడుగుతున్నావ్, ఏమైంది నీకు?" అంటుంది.

తలనొప్పి అని చెప్తాను.