నొప్పి తెలియని గుండె

"ఇదిగో, ఈ రక్తనాళం సన్నబడుతోంది" అన్నారు డాక్టరు గారు, యాంజియోగ్రామ్ తెర మీద వేలు పెట్టి. నాది మార్పిడి చేసిన గుండె. నాకేమో ఏ బాధా లేదు. పొద్దున మెట్లు కూడా హాయిగానే ఎక్కాను.

చిక్కంతా అక్కడే ఉంది. మార్పిడి చేసేటప్పుడు గుండెకు వెళ్లే నరాలు తెగిపోతాయి. అందుకే లోపల నాళాలు పూడుకుపోతున్నా చాలామందికి ఛాతీ నొప్పి రాదు. ఆ కబురు పరీక్షలే చెప్పాలి.

ఈ గుండెను శరీరం తిరస్కరించకుండా కాపాడే టాక్రోలిమస్ అనే మందు మూత్రపిండాలను మెల్లగా దెబ్బతీయగలదు. కాపలాదారుకూ జీతం ఇవ్వాలి కదా! మూత్రపిండాల పనితీరు తెలిపే నా రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్, ఇప్పటికే కాస్త పైకి పాకింది. (ఆ మందుతో చర్మ క్యాన్సర్ ముప్పు కూడా ఉంది కనుక ఎండలో టోపీ తప్పదు. అది నాకు బాగానే నప్పుతుంది లెండి.)

ఇక నాళాలు సన్నబడడాన్ని నెమ్మదింపజేసే ఎవెరోలిమస్ అనే మందు మొదలుపెట్టి, మూత్రపిండాల కోసం టాక్రోలిమస్ మోతాదు తగ్గిస్తారట. నోటిపూత రావచ్చన్నారు. రానీ, చూద్దాం.