కప్పు పప్పులో ఎంత ప్రొటీన్?

నాన్నకి రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ అందాలన్నారు డాక్టర్ గారు. ఆయన బరువుకి కిలోకి ఒక గ్రాము చొప్పున. బాగానే ఉంది, కానీ ఇంట్లో వండిన దానికి లేబుల్ ఎక్కడుంటుంది?

పొద్దున్న పప్పుతో మొదలుపెట్టాను. ఉడికిన పప్పుని చూసి లెక్క కట్టలేం, ఎవరెన్ని నీళ్లు పోస్తారో వాళ్లిష్టం. ఎండు పప్పులో మాత్రం 100 గ్రాములకి సుమారు 24 గ్రాములు ఉంటుంది. ఉడికితే నీళ్లు చేరతాయి, ప్రొటీన్ అంతే ఉంటుంది. అందుకే కడగకముందే 150 గ్రాములు తూచాను. అంటే మొత్తం గిన్నెలో 36. దించాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేస్తే 900 గ్రాములు తేలింది. నాన్న తిన్నది 200 గ్రాముల కప్పు, అంటే 8 గ్రాములు. నిండు కప్పు చూసి ఇరవై అయినా ఉంటుందనుకుంటాం!

చికెన్‌ది దీనికి తిరగేసిన లెక్క. వండితే నీరు పోతుంది కాబట్టి, పచ్చి బ్రెస్ట్‌లో 100 గ్రాములకి 22 దాకా ఉండేది వండాక 30 దాకా వస్తుంది. పోషకాల పట్టికలో అంకె పచ్చిదానికా, వండినదానికా అన్నది ముందు చూసుకోవాలి.

లేబుల్ మీది అంకె కూడా చాలావరకు అంచనాయేనట. 1883లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ నైట్రోజన్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ప్రొటీన్‌లో సగటున 16 శాతం నైట్రోజన్ కాబట్టి వచ్చిన నైట్రోజన్‌ని 6.25తో, పాలకైతే 6.38తో గుణించి ప్రొటీన్ ఎంతో లెక్కేస్తారు. 2008లో చైనాలో నీళ్ల పాలు చిక్కని పాలలా లెక్కకి రావాలని నైట్రోజన్ ఎక్కువగా ఉండే మెలమైన్ అనే రసాయనం కలిపారు. పసిపిల్లల కిడ్నీలు పాడయ్యాయి, కొందరు చనిపోయారు. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది.

రాత్రి కాగితం మీద వేశాను. పప్పు 8, రెండు గుడ్లు 12, పావు లీటరు పాలు 8, పెరుగు 7, అన్నం మొత్తానికి 8. కలిపితే 43. గ్రాము అటూ ఇటూ అయినా ఫరవాలేదు, 17 తక్కువన్నది మాత్రం ఖాయం. రేపు అదే 150 గ్రాముల పప్పుని 600కి మించకుండా గట్టిగా వండితే అదే కప్పులో 12 వస్తుంది. ఇంకో గుడ్డు, సాయంత్రం 30 గ్రాముల వేరుశనగలు. నాన్న పళ్లకి అవి నమలడం కష్టం, పొడి చేసి పెరుగులో కలపాలి.