గురక ఆగితే లెక్కపెట్టాను

ఈ పొద్దున ఆరింటికి ఈయన బీపీ 142/88. నోట్‌బుక్‌లో రాసి పక్కన టిక్కు పెట్టాను. నాలుగు నెలల వెనక పేజీలో 168/102 ఉంది, అదీ రోజూ మూడు రకాల మాత్రలు వేసుకుంటూ.

అప్పుడు మా అనుమానమంతా ఉప్పు మీదే. ఆవకాయ జాడీ అటకెక్కించాను. ఆఫీసు టెన్షన్ ఇంటికి తేవద్దని పోరాను. అయినా సాయంత్రం కాస్త దిగిన అంకె పొద్దున లేచేసరికి మళ్లీ పైనే ఉండేది. రాత్రంతా పడుకున్న మనిషికి బీపీ పెరగడమేమిటో అర్థమయ్యేది కాదు.

గురక ఈ ఇంట్లో కొత్త కాదు. మామగారూ పెట్టేవారు. హాయిగా నిద్రపోతున్నారనే అనుకునేవాళ్లం. ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఈయన గురక ఠక్కున ఆగింది. ఛాతీ, పొట్ట ఎగిసిపడుతున్నాయి, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగల్లేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. ఇరవై ఆరు దగ్గర నీళ్లలో మునిగి పైకి తేలినట్టు ఒక్క గుక్క తీసుకుని పక్కకి తిరిగారు. పొద్దున అడిగితే ఏదీ గుర్తులేదు, తలనొప్పి మాత్రం ఉంది.

ఆ లెక్కే డాక్టరుగారికి చెప్పాను. ఆవిడ టేపు తీసి మెడ కొలిచారు, 43 సెంటీమీటర్లు. లావు మెడ కూడా ఒక గుర్తేనట. రాత్రి నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్ష, స్లీప్ స్టడీలో గంటకు 38 సార్లు ఊపిరికి అడ్డు పడుతోందని తేలింది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారట, 30 దాటితే తీవ్రమేనట. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి మనిషిని కుదుపుతుంది. ఆ కంగారులో రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగబాకుతుంది. మామూలుగా నిద్రలో 10 నుంచి 20 శాతం తగ్గాల్సిన బీపీ ఈయనకు తగ్గడమే లేదు. ఆ బిగువు పగలు కూడా పూర్తిగా సడలదట. ఇన్నేళ్లు పక్కనే పడుకుని ఇది గమనించలేదే అని ఆ రోజంతా ఏడుపొచ్చింది.

మాస్క్ ద్వారా గాలి నెట్టి గొంతు దారి మూసుకుపోకుండా ఉంచే సీప్యాప్ మెషీన్‌తో మొదటి వారం నరకం. అర్ధరాత్రి మాస్క్ పీకేసేవారు. ఇప్పుడు పొద్దున బుగ్గ మీద పట్టీ గీత కనిపిస్తే నాకు ధైర్యం, రాత్రంతా ఉంచుకున్నారని. ఇవాళ కూడా మాస్క్ కడిగి నీడన ఆరేశాను. మెషీన్ ఒక్కదానితో తగ్గేది చాలామందికి రెండు మూడు పాయింట్లేనని డాక్టరుగారు ముందే చెప్పారు. మాత్రలు నడుస్తున్నాయి, ఆరు కిలోలు తగ్గారు, అన్నీ కలిస్తేనే ఈ అంకె.

మధ్యాహ్నం ఆడపడుచు ఫోన్ చేసింది. "అన్నయ్య మాత్రలు మానేశాడా వదినా?" అంది. మానలేదని చెప్పి, "నీకూ బీపీకి రెండో మాత్ర మొదలైంది కదా, ఈ రాత్రి మీ ఆయన్ని కాసేపు మేలుకుని నీ ఊపిరి వినమను" అన్నాను.

"నేను గురక పెట్టను వదినా" అంది. కాసేపు ఆగి, "పొద్దున్నే తల దిమ్ముగా మాత్రం ఉంటోంది" అంది.

రేపు పదింటికి నేనే ఫోన్ చేస్తానన్నాను.