ముసాంబరం మాత్రలు కట్టిన కోట

లండన్ వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే ముప్పావుగంటలో ఎగమ్ వచ్చేస్తుంది. సర్రే కౌంటీలో చిన్న ఊరు. 1215లో జాన్ రాజు తన అధికారానికి హద్దులు పెట్టే మాగ్నా కార్టా పత్రానికి ఒప్పుకున్న రన్నీమీడ్ పచ్చిక బయలు దగ్గర్లోనే ఉంది కాబట్టి చాలామంది దానికోసమే ఇక్కడ దిగుతారు. నేను దిగింది మాత్రం ఒక మాత్రల వ్యాపారి కట్టించిన కాలేజీ చూడటానికి. మా మేనకోడలు అక్కడే ఎమ్మెస్సీ చదువుతోంది. నేను ఫార్మసీ చదివి, గుంటూరులో మందుల షాపు నడిపే మనిషిని. రాయల్ హాలోవే కాలేజీలో సీటొచ్చిందని అది ఫోన్ చేసినప్పుడే ఆ హాలోవే ఎవరో నాకు తెలుసు. లండన్ వెళ్తే ముందు అక్కడికే వెళ్ళాలని అప్పుడే అనుకున్నాను.

స్టేషన్ నుంచి ఎగుడు దారి. కొండ మీదికి చేరగానే ఎర్ర ఇటుక భవనం ఒక్కసారిగా కళ్ళముందు నిలబడింది. మధ్యమధ్య తెల్లరాయి, పైన లెక్కపెట్టలేనన్ని గోపురాలు, పొగగొట్టాలు. ఫ్రాన్సులోని షాంబోర్ కోటని నమూనాగా తీసుకుని విలియం హెన్రీ క్రాస్‌ల్యాండ్ అనే ఆర్కిటెక్టు దీన్ని కట్టాడు. ఖర్చు 6 లక్షల పౌండ్లు దాటింది. 1886 జూన్ 30న విక్టోరియా రాణి స్వయంగా వచ్చి ప్రారంభించింది. లోపల రెండు పెద్ద పెద్ద చతురస్రాల ముంగిళ్ళు. ఒకదాంట్లో రాణిగారి విగ్రహం, రెండోదాంట్లో థామస్ హాలోవే, ఆయన భార్య జేన్ విగ్రహాలు. ఇది ఆడపిల్లల కోసం కట్టిన కాలేజీ. డిగ్రీ తరగతుల్లోకి మగపిల్లల్ని 1965లో గానీ తీసుకోలేదు.

"అత్తా, ఇదంతా మాత్రలమ్మే కట్టాడంటే నమ్ముతావా?" అంది మేనకోడలు.

నమ్ముతాను. ఎలా అమ్మాడో కూడా చెప్పగలను. హాలోవే 1800లో పుట్టాడు. 1837లో ఒక లేపనంతో మొదలుపెట్టి, తర్వాత ముసాంబరం, అంటే ఎండిన కలబంద రసం, కలిపిన విరేచనం మాత్రలు చేర్చాడు. వైద్యం చదివింది లేదు, తన పేరుకి ముందు "ప్రొఫెసర్" అని తనే తగిలించుకున్నాడు. మొదట్లో ప్రకటనల అప్పులు తీర్చలేక జైలుకి కూడా వెళ్ళాడు. అయినా ప్రకటనలు మానలేదు. 1842లో వాటి మీద 5 వేల పౌండ్లు ఖర్చుపెట్టిన మనిషి, చివరి రోజుల్లో ఏడాదికి 50 వేల పౌండ్ల దాకా పెట్టాడు. ఆ మాత్రలూ లేపనమూ ఇంగ్లండులోనే ఆగలేదు, మన దేశంలోని ఇంగ్లీషు పత్రికల్లో కూడా వాటి ప్రకటనలు వచ్చేవి.

ఆ ప్రకటనల్లో జబ్బుల పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో నిలువుగా అచ్చయ్యేవి. చలిజ్వరం, ఉబ్బసం, పైత్యం, క్షయ, జలోదరం, జిగట విరేచనాలు, మూర్ఛ, కామెర్లు, మొలలు, కీళ్ళవాతం, మూత్రంలో రాళ్ళు, కంతులు, పుండ్లు, సుఖరోగాలు, నులిపురుగులు, నీరసం. అన్నిటికీ ఒకటే మాత్ర. ఒక్కో జబ్బుకి ఒక్కో కారణం ఉంటుందని పాఠంలో మొదటిరోజే నేర్చుకున్న నాకు ఆ జాబితా చదివితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. క్షయతో రక్తం కక్కుతున్న మనిషి ఆ వరసలో తన జబ్బు పేరు వెతుక్కుని, దొరికిందని ఆశపడి ఉంటాడు.

కాలేజీలో బొమ్మల గ్యాలరీ ఉంది. చనిపోయే ముందు రెండేళ్ళలో హాలోవే వేలంపాటల్లో 77 చిత్రాలు కొన్నాడు. ఎడ్విన్ లాంగ్ గీసిన బాబిలోన్ పెళ్ళిసంత బొమ్మకి 6,300 గినీలు (గినీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ) పోశాడు. అందరూ దాని ముందే ఆగుతారు. నేను ఎక్కువసేపు నిలబడింది ల్యూక్ ఫిల్డెస్ 1874లో వేసిన బొమ్మ దగ్గర. రాత్రి తలదాచుకోవడానికి చీటీ ఇస్తారేమోనని పోలీసు స్టేషన్ గోడవారగా చలిలో నిలబడ్డ పేదల వరస అది. చంకలో బిడ్డతో ఒక తల్లి, పనిలేని కూలీలు, తాగి తూలుతున్న ఒక మనిషి. వెనక గోడ మీద ప్రకటన కాగితాలు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ కాగితాల మీది అక్షరాలు కూడా పోల్చుకోవచ్చు. గోడ నిండా ప్రకటనలున్న లండన్ అది. హాలోవే బతికింది, అమ్మింది అలాంటి వీధుల్లోనే. డాక్టరు ఫీజు కట్టలేని వాళ్ళే ఆయన మాత్రలు కొన్నారు. వాళ్ళ బొమ్మే ఆయన గోడకెక్కడం నన్ను కదిలించింది.

బయటికొచ్చాక నాకూ మా పిల్లకీ వాదన పడింది. "ఆయన దొంగే అనుకో. ఆడపిల్లలకి డిగ్రీలు దొరకడమే కష్టమైన రోజుల్లో ఇంత డబ్బు ఎవరిచ్చారు?" అంటుంది అది. ఆ మాటని నేను కాదనలేను. జేన్ 1875లో చనిపోయాక ఆమె జ్ఞాపకంగానే ఈ కాలేజీ సంకల్పం గట్టిపడింది. పైగా ఆ రోజుల్లో డాక్టర్లు కూడా పాదరసం మింగించేవారు, నరం కోసి రక్తం తీసేవారు. వాటి పక్కన ఒక విరేచనం మాత్ర మెత్తనిదే. కానీ క్షయకీ మూర్ఛకీ మందని చెప్పడం మెత్తని పని కాదు. పనిచేయని మందుతో వారాలు గడిపిన రోగి పోగొట్టుకున్న కాలాన్ని ఏ కాలేజీ తిరిగివ్వదు. ఇదే నా మాట, దానికీ ఇదే చెప్పాను.

శనివారం లండన్‌లోని పోర్టొబెల్లో రోడ్డు సంతకి వెళ్ళాం. పాత సీసాలు, పింగాణీ అమ్మే ఒకాయన బల్ల మీద హాలోవే లేపనం డబ్బా కనిపించింది. అరచేతిలో ఇమిడే తెల్ల పింగాణీ గిన్నె, అక్కడక్కడా నెర్రెలు. మీద నల్లటి అచ్చు. కూర్చున్న ఒక స్త్రీ, పాముచుట్టిన స్తంభం, పక్కన పిల్లవాడు. కింద వాతానికీ, మానని పుండ్లకీ, రొమ్ము పుండ్లకీ, తల పుండ్లకీ, కాళ్ళ పుండ్లకీ అని రాసి ఉంది. ధరలు కూడా అచ్చేశారు. అన్నిటికన్నా చిన్నది 1 షిల్లింగు 1½ పెన్నీ (షిల్లింగంటే అప్పట్లో 12 పెన్నీలు), పెద్దది 33 షిల్లింగులు.

ఆ ఒకటిన్నర పెన్నీ దగ్గరే అసలు సంగతుంది. అది ప్రభుత్వ పన్ను. 1783 నుంచి ఇలాంటి మందుల మీద స్టాంపు పన్ను ఉండేది. పొట్లం మీద సర్కారు స్టాంపు కాగితం అంటించి అమ్మాలి. పన్ను కట్టారని చెప్పడమే దాని పని, లోపలి సరుకుతో దానికి సంబంధం లేదు. చదువురాని మనిషికి అది రాణిగారు మంచిదని వేసిన ముద్రలా కనిపించేది. వ్యాపారులకి కావలసిందీ అదే. ఖజానాకి ఆదాయం వస్తోంది కాబట్టి సర్కారూ చాలాకాలం కదల్లేదు.

హాలోవే పోటీదారు థామస్ బీచమ్. చిన్నప్పుడు గొర్రెల కాపరి. తర్వాత లాంకషైర్‌లోని సెయింట్ హెలెన్స్‌లో మాత్రల ఫ్యాక్టరీ పెట్టాడు. డబ్బా ఒక గినీ విలువ చేస్తుందని ఆయన ప్రచారం. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1909లో ఈ రహస్య మందుల్ని పరీక్షించి వాటి గుట్టంతా పుస్తకంగా అచ్చేసింది. బీచమ్ మాత్రల్లో తేలినవి మూడే: ముసాంబరం, శొంఠి, సబ్బు. ముసాంబరం మన పచారీ కొట్టులోనూ దొరికేదే. 56 మాత్రల డబ్బా 1 షిల్లింగు 1½ పెన్నీకి అమ్మితే, అందులోని సరుకు ఖరీదు పెన్నీలో ఎనిమిదో వంతు.

ముసాంబరంతో కడుపు కదులుతుంది, అంతే. నన్ను భయపెట్టింది పసిపిల్లల సిరప్‌లు. గాడ్‌ఫ్రీస్ కార్డియల్‌లో నల్లమందు, అమెరికా నుంచి వచ్చిన మిసెస్ విన్స్లోస్ సిరప్‌లో మార్ఫిన్. ఏడ్చే బిడ్డకి పట్టించి తల్లులు మిల్లు పనికి వెళ్ళేవారు. బిడ్డ నిద్రపోయేది, కొన్నిసార్లు లేచేది కాదు. నల్లమందు అమ్మకానికి పగ్గం వేసిన 1868 చట్టం పేటెంట్ మందుల్ని, అంటే తయారీ గుట్టు చెప్పకుండా పేరుపెట్టి అమ్మే ఇలాంటి మందుల్ని, మాత్రం వదిలేసింది. సీసా మీద లోపల ఏముందో రాయాల్సిన పనిలేదు. ఆ తల్లుల్ని నేను తప్పుపట్టను. చదవడానికి వాళ్ళకి ఏమీ లేదు.

ఈ మందుల మీద బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారించి ఇచ్చిన నివేదిక 1914 ఆగస్టు 4న బయటికొచ్చింది. బ్రిటన్ యుద్ధంలోకి దిగిందీ ఆ రోజే. కాగితాలు అటకెక్కాయి. పదార్థాల పేర్లు సీసా మీద రాసి తీరాలని చట్టం వచ్చింది 1941లో. స్టాంపు పన్ను పోయిందీ అప్పుడే. మన దేశంలో మధుమేహం, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామనే ప్రకటనల్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. నా షాపుకి ఇప్పటికీ సెల్‌ఫోన్‌లో షుగర్ వ్యాధి తగ్గించే పొడి ప్రకటన చూపిస్తూ జనం వస్తారు. కొనొద్దని చెప్పి పంపిస్తాను.

మందు డబ్బుతో మంచిపని అంటే తెలుగువాళ్ళకి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తొస్తారు. విక్టోరియా కాలంలోనే, 1893లో, బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ రాబడితో ఆంధ్రపత్రిక నడిపారు. అది నొప్పికి రాసుకునే మందు. రాస్తే చురుక్కుమంటుంది, నొప్పి తగ్గిందో లేదో మనిషికే తెలుస్తుంది. హాలోవే జాబితా పక్కన దీన్ని పెట్టడం నాకు న్యాయం అనిపించదు.

తిరిగొచ్చే ముందు ఎగమ్ పక్క స్టేషన్ వర్జీనియా వాటర్ కూడా చూశాం. హాలోవే డబ్బుతో 1885లో మానసిక రోగుల కోసం తెరిచిన ఆసుపత్రి అక్కడుంది. ఇప్పుడది ఖరీదైన ఇళ్ళ సముదాయం, బయటి నుంచే చూడాలి. కాలేజీ గ్యాలరీ మాత్రం ఏరోజు పడితే ఆరోజు తెరవరు, ముందుగా కనుక్కుని వెళ్ళండి. పరీక్షల రోజులైతే ధ్రువపు ఎలుగుబంట్లున్న ల్యాండ్‌సీర్ బొమ్మ మీద బ్రిటన్ జెండా కప్పి ఉంచుతారు, దాన్ని చూస్తే ఫెయిలవుతారని పిల్లల భయం. ఫిల్డెస్ బొమ్మకి మాత్రం తీరిగ్గా కాసేపు టైమివ్వండి.